ఆలస్యంగా వచ్చిన నీలం

ఆ రోజుల్లో నాకు భయపడటానికి ప్రత్యేకంగా కారణం ఏదీ అక్కర్లేదు. పొద్దున నిద్ర లేచేసరికి భయం ముందే తయారై కూర్చుని ఉండేది. దానికి తగిన కారణం టిఫిన్ వేళకి ఎక్కడో ఒకచోట దొరికేది. బస్సు రాకపోతే రాలేదని భయం, సమయానికి వస్తే ఇంత సమయానికి ఎందుకొచ్చిందా అని భయం. పరీక్షలో తెలిసిన ప్రశ్నలే వస్తే వేరేవాళ్ళ పేపరు నాకిచ్చారేమోనని చెమటలు పట్టేవి. నన్ను పెంచిన మా పెద్దమ్మ నాకు 'బెదురుగొడ్డు' అని పేరు పెట్టింది. (పెట్టి ఊరుకోలేదు, చుట్టాలందరికీ చెప్పింది. సదుం వైపు బంధువుల్లో నా అసలు పేరు తెలియనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.) ఇలాంటి మనిషి ఏ బళ్ళోనో నెమ్మదైన ఉద్యోగం చూసుకోవాలి. నేను మాత్రం ఎప్పుడు పేలతాయో దేవుడికి తప్ప ఎవరికీ తెలియని నక్షత్రాల వెంట పడ్డాను.

సంగతి కాస్త వివరంగా చెబుతాను. నక్షత్రాలు ఒంటరిగా పుట్టవు. ఒకే ఇంటి పిల్లల్లా గుంపుగా పుట్టి, కొంతకాలం ఒకచోటే ఉండి, పెద్దయ్యాక ఎవరి దారి అవి చూసుకుంటాయి. చలికాలం సాయంత్రాల్లో నడినెత్తిన కనిపించే కృత్తికలు (పెద్దవాళ్ళు పిల్లలకోడి అంటారు) అలాంటి లేతవయసు గుంపే. అందులో కంటికి కనపడే పెద్ద నక్షత్రాలు బుద్ధిమంతులు. కనపడని చిన్న ఎర్ర నక్షత్రాలు ఉన్నాయి చూడండి, వాటితోనే తంటా. తిరగమాతలో ఆవగింజ చిట్లినట్టు ఉన్నట్టుండి ఒకటి భగ్గుమంటుంది. కాసేపటికి చల్లారిపోయి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. ఆ మంట రంగు కొలవడం నా పని. కొలిమిలో ఇనుము ఎర్రగా ఉందా, తెల్లగా ఉందా అన్నదాన్ని బట్టి దాని వేడి చెబుతారు కదా, ఇదీ అంతే. మంట నీలి ఫిల్టరులోంచి ఎంత కనపడింది, ఎర్ర ఫిల్టరులోంచి ఎంత కనపడింది అని పోల్చి చూస్తే అది ఎంత వేడో తెలిసిపోతుంది. చిక్కల్లా ఒకటే. దూరదర్శినికి ఒక ఫిల్టరు తీసి ఇంకొకటి పెట్టే లోపల మంట సగం ఆరిపోతుంది. రెండు రంగులూ ఒకే క్షణంలో చూడాలి.

దానికి ఉపాయం చెప్పింది, నేను పనికి చేరిన కుప్పం కాలేజీలో మా గైడు గారు. ఆయన్ని చాటుగా మేము 'మెల్లగా సారు' అనేవాళ్ళం. మెల్లగా చూడమనీ, మెల్లగా రాయమనీ, ఆఖరికి టీ కూడా మెల్లగా తాగమనీ చెప్పే మనిషి. ఆయనకి ఒక్క చలికాలానికి సరిపడా చిన్న ప్రాజెక్టు ఇచ్చారు. ఆ చలికాలం అయ్యాక బెంగళూరులో ఒక కమిటీ ముందు నిలబడి చేసిన పని చూపించాలి. కమిటీ మెచ్చితే పని కొనసాగుతుంది, నాకు పిహెచ్.డి. సీటు వస్తుంది. మెచ్చకపోతే ప్రాజెక్టు మూత, నేను మదనపల్లె తిరుగు బస్సు, ఆపైన బి.ఇడి. (నేను బి.ఇడి. చేస్తే బాగుండునని మా ఇంట్లో రోజూ ప్రార్థన జరిగేదని తర్వాత తెలిసింది.) సారు ఉపాయం ఏమిటంటే, రెండు దూరదర్శినులు పెట్టి ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం బిగించి, రెండు ఊళ్ళ నుంచి ఒకేసారి చూడటం. ఒకటి కుప్పంలో మా కాలేజీ మిద్దె మీద ఉంది. రెండోది ఎక్కడ దొరుకుతుందని వెతికితే, మదనపల్లెలో మా ఇంటి పక్క మిషన్ స్కూలు మిద్దె మీద, ఎవరో పూర్వ విద్యార్థి ఇచ్చిపోయింది, గుడ్డ కప్పుకుని ఉంది. దాని తాళంచెవి మా పెద్దమ్మ దగ్గర ఉంది.

పెద్దమ్మ మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. మా అమ్మానాన్నలు సదుం దగ్గర టమాటా తోటల్లో ఉంటే, నేను చదువు కోసం చిన్నప్పటి నుంచీ ఆమె ఇంట్లోనే పెరిగాను. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసిన మా పెద్దనాన్న ఊరందరి పిల్లలనీ విజిల్‌తో నిలబెట్టాడు గాని, పెద్దమ్మ ముందు విజిల్ కాదు కదా, గొంతు కూడా ఎత్తలేదు. నేను ఒక శని, ఆదివారాల్లో వెళ్ళి దూరదర్శిని సర్ది, కంప్యూటరు ఎలా నడపాలో ఆమెకి నేర్పాను. నక్షత్రం భగ్గుమనడం అంటే ఏమిటో చెప్పబోతే ఆమె మధ్యలోనే ఆపి, అంటే జ్వరం అన్నమాట అని తేల్చేసింది. వెలుగు ఎక్కీ దిగే గీత చూపిస్తే ఇది టైఫాయిడ్ కాదు, మలేరియా, ఒక్కసారిగా లేచి దిగిందని రోగనిర్ధారణ కూడా చేసింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ప్రార్థన అయ్యాక శాలువా కప్పుకుని మిద్దె ఎక్కి, కంప్యూటరు నడిపించి, తన నిద్ర వేళకి ఆపేసి దిగొచ్చేది. ఆ ల్యాప్‌టాప్ ముసలిది. లోపలి బ్యాటరీ చచ్చిపోయి, ఆపినప్పుడల్లా తేదీ, టైము మరిచిపోయేది. మిద్దె మీద నెట్ రాదు. అందుకని రోజూ మా ఇంటి హాల్లో కూర్చుని టైము చేత్తో సరిపెట్టి, అది ఆరిపోకుండా పైకి తీసుకెళ్ళమని, టైము మాత్రం తప్పు పెట్టొద్దని వందసార్లు చెప్పాను. రోగి నాడి పట్టిన చేతికి టైము చెబుతున్నావా అని ఆమె వందసార్లు అడిగింది.

చలికాలం గడిచింది. ఎరుపు కుప్పం వంతు, నీలం మదనపల్లె వంతు. ఆ నీలం ఫైలు పెన్‌డ్రైవులో, ఎవరో ఒకరి చేతి సంచిలో, పుంగనూరు మీదుగా కుప్పం చేరేది. (ఒకసారి రాగిపిండి డబ్బాలో వచ్చింది. ఆ వారం నక్షత్రాల కన్నా రాగిపిండి ముందు దులపాల్సి వచ్చింది.) నేను పగలంతా కూర్చుని ఒక్కొక్క చుక్క వెలుగూ కొలిచేదాన్ని. వారాల తరబడి ఏమీ లేదు. నేను చూస్తున్నానని తెలిసి మానేశాయేమోనని భయం వేసేది. అలాంటిది ఒక మధ్యాహ్నం, ఒక చిన్న నక్షత్రం ఎరుపులో కాస్త బొడిపెలా లేచి కనిపించింది. అదే సాయంత్రం నీలం ఫైలు తెరిస్తే అక్కడా ఉంది, బొడిపె కాదు, కొండ. రెండూ ఒకే కాగితం మీద గీసి చూశాను. ఎరుపు లేచింది, దిగింది. అది దిగిపోయిన తర్వాత, తీరిగ్గా, పది నిమిషాలు ఆలస్యంగా నీలం లేచింది. పుస్తకాల్లో ఎక్కడా అలా ఉండదు. రెండూ కలిసే లేస్తాయి. నీలం ఎక్కువగా లేస్తుంది, ఎరుపు కాస్త నెమ్మదిగా దిగుతుంది. నా లెక్క ప్రకారం ఆ మంట ముందు చల్లగా మొదలై, తర్వాత ఏ మంటా ఎక్కనంత వేడెక్కింది. నేను తప్పు చేశాననుకుని లెక్క మళ్ళీ చేశాను. అదే వచ్చింది. భయపడుతూ సారు దగ్గరకు తీసుకెళ్ళాను.

సారు కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచారు. మెల్లగా చూద్దాం అన్నారు. ఆ మాట ఆయన ఆ చలికాలంలో అనడం అదే ఆఖరు. మర్నాడు ఆయన నా కన్నా ముందు కాలేజీకి వచ్చి కూర్చున్నారు. లేత నక్షత్రాల చుట్టూ ధూళి ఉంటుంది, ఆ ధూళి నీలాన్ని ఎక్కడో ఆపి ఆలస్యంగా వదులుతోందేమో అన్నారు. అది ఎలా వదులుతుందని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. బెంగళూరుకు పంపిన మా ఉపన్యాసం పేరు మార్చేశారు. అందులో 'మొదటిసారిగా' అన్న మాట చేరింది. ఆ మాట చూసిన దగ్గర నుంచి నాకు అన్నం సహించలేదు. సంతోషం లేదని కాదు. దారిలో ఎవరైనా నన్ను మామూలుగా పలకరిస్తే, పాపం వీళ్ళకి తెలియదు కదా అనిపించేది. కాని ఆ సంతోషం పక్కనే భయం కుర్చీ వేసుకుని కూర్చునేది.

ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. ఫోనులో నోరు జారాను. ఆ ఆదివారం మదనపల్లె చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయానికి మా పెద్దమ్మ లేచి నిలబడింది. (మా చర్చిలో జబ్బు నయమైనా, బోరులో నీళ్ళు పడినా, తప్పిపోయిన మేక దొరికినా లేచి సాక్ష్యం చెప్పాల్సిందే.) లోకం పుట్టినప్పటి నుంచి ఎవరూ చూడనిది మా పాప చూసింది, ఆ చూసిన యంత్రం తిప్పింది నేను, దేవునికే మహిమ అని చెప్పిందట. పాస్టరు గారు నా కోసం, బెంగళూరు కమిటీ వాళ్ళ మనసులు తెరవబడటం కోసం ప్రత్యేకంగా ప్రార్థించారట. వారంలోపల సదుం నుంచి, పలమనేరు నుంచి బంధువులు ఫోన్లు చేసి, నక్షత్రానికి నా పేరు పెడతారా, పెడితే అసలు పేరా, బెదురుగొడ్డు అనా అని అడిగారు. బెంగళూరు వెళ్ళడానికి ఇంకా నాలుగైదు రోజులున్నాయి. ఒక్క నక్షత్రం చూపిస్తే నమ్మరేమో, ఇంకొకటి దొరికితే మాట నిలుస్తుందని పాత ఫైళ్ళన్నీ మళ్ళీ తిరగేయడం మొదలుపెట్టాను.

దొరికింది. గుంపుకి ఇంకో అంచున, ఇంకా చిన్న నక్షత్రం, ఇంకో సాయంత్రం. మంట కూడా చిన్నది. ఎరుపు లేచింది, దిగింది, తర్వాత నీలం లేచింది. నేను కుర్చీలోంచి లేచి సారు గది వైపు సగం దూరం పరుగెత్తాను కూడా. అక్కడ వరండాలో కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి వచ్చి ఆలస్యం ఎంతో కొలిచాను. పది నిమిషాలు. మొదటిదీ పదే. మంట పెద్దదైనా చిన్నదైనా, ధూళి ఎక్కువున్నా తక్కువున్నా, ఈ నక్షత్రమైనా ఆ నక్షత్రమైనా అదే పది. రెండు నక్షత్రాలు కూడబలుక్కుని ఒకే లెక్కన ఆలస్యం చేయవు. గడియారం ఒక్కటే అలా చేయగలదు. ఈ రెండో నక్షత్రాన్ని చూడనట్టే ఉంటే ఏమవుతుందన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, కాసేపు కూర్చుంది, నాకే సిగ్గేసి లేచి పోయింది. కుప్పంలో మా కంప్యూటరు నెట్ నుంచి టైము తీసుకుంటుంది. మిగిలింది మదనపల్లె. ఫోను చేసి టైము సరిగ్గానే పెడుతున్నావా అని అడిగితే పెద్దమ్మ, ఒకరికి ఒక్కపూట మందు వేళ తప్పించని మనిషిని పట్టుకుని అడిగే మాటేనా ఇది అని ఫోను పెట్టేసింది. ఇక బస్సెక్కడమే మిగిలింది.

కుప్పం నుంచి మదనపల్లె వెళ్ళే బస్సుకి ఆ రోజు ఎన్ని స్టాపులున్నాయో నాకు అంతకు ముందు తెలియదు. పలమనేరులో టమాటా గంపల కోసం ఆగింది. పుంగనూరులో డ్రైవరు దిగి టీ తాగడానికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడు సారు ఫోను చేశారు. నేను జ్వరంగా ఉందని ఇంటికి వెళ్తున్నట్టు చెప్పి వచ్చాను. (జ్వరం నక్షత్రాలదన్నది చెప్పలేదు.) ఆయన గొంతు నేను ఎప్పుడూ విననంత వేగంగా ఉంది. మనల్ని మొదటి వరసలో పెట్టినారమ్మా, అందరూ ఉండే టైములో మాట్లాడమంటాండారు అని చెప్పారు. ఇంట్లో ఆమె చేత కొత్త చొక్కా కొనిపించారట. నేను సరే సార్, మంచిది సార్ అన్నాను. బస్టాండులో అరటిపండ్ల బండి పక్కన నిలబడి, ఆ కొత్త చొక్కా గురించే ఆలోచించి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను. పండ్లమ్మే ఆమె నా ముఖం చూసి, ఏమ్మా బస్సు పోయిందా అని అడిగింది. బస్సు ఎదురుగానే ఉంది. పోయేది వేరేదని ఆమెకి ఎలా చెప్పను?

ఇల్లు చేరేసరికి పెద్దనాన్న మంచం మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. నేను చెప్పులు కూడా విప్పకుండా హాల్లో గోడ గడియారం ముందు నిలబడి నా సెల్‌ఫోను పక్కన పెట్టి చూశాను. గడియారం ముందుంది. పదిహేను నిమిషాలు ముందుంది. ఇక్కడ నా పిచ్చి గుండె ఒక్కసారి ఎగిరింది. నా నక్షత్రాల ఆలస్యం పది. ఈ గడియారం తప్పు పదిహేను. రెండూ ఒకటి కావు. అంటే గడియారానికీ దానికీ సంబంధం లేదు, నా నీలం నిజంగానే ఆలస్యంగా వచ్చింది, సారు చొక్కా వృథా కాలేదు. నవ్వు కూడా వచ్చేసింది. అప్పుడు పెద్దమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"గడియారం ముందుండాదని నాకు తెలీదా? నేను పెట్టిందే గదమ్మే," అంది. "చర్చికి లేటు కాకూడదని అయిదు నిమిషాలు ముందుకి తిప్పినా. నీ కంప్యూటర్లో పెట్టేటప్పుడు ఆ అయిదూ తీసేసే పెడ్తాండా. తెలివి లేకుండా అట్లే పెట్టేస్తాననుకున్యావా?"

పదిహేనులోంచి అయిదు తీసేశాను. నా ముఖంలో నవ్వు ఎటు పోయిందో తెలియదు. పెద్దమ్మ నా చేతిలో ఫోను లాక్కుని చూసి, ఇది తప్పు, నేను తిప్పింది అయిదే అని ఖరాఖండిగా చెప్పింది. (ఆమె దృష్టిలో ఫోను ఉన్నది మాట్లాడటానికి. టైము వేరేగా చూపిస్తే ఫోనే పాడైంది.) కావాలంటే బైబిలు మీద చెయ్యి పెడతానంది. నేను నేల మీద కూర్చున్నాను. కమిటీ గురించి, రెండో నక్షత్రం గురించి, ఈ పది నిమిషాలు ఎక్కడివో ఎప్పటివో తెలియకపోతే చలికాలం పనంతా బూడిదలో పోసిన పన్నీరు అవుతుందని, ఏదేదో చెబుతూ ఏడ్చేశాను. మంచం మీద శెనక్కాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"పాపా," అన్నాడు పెద్దనాన్న. "ఆ పది నాది."

ఇద్దరం ఆయన వైపు తిరిగాం. ఆయన పెద్దమ్మ వైపు చూడకుండా నాకే చెప్పాడు. "మీ పెద్దమ్మకి గడియారం అయిదు ముందుండాదని తెలుసు. తెలుసు గాబట్టే, ఇంకా అయిదు నిమిషాలుండాదిలే అని సీర కట్టుకుంటా కూర్చుంటాది. మొదటి పాటకి ఒక్క ఆదివారం గూడా అందుకోలేదు మేము. అందుకని ఆమె రిటైరైన ఏడు నేనొక పది కలిపినా. అప్పట్నించీ అట్లే ఉండాది. కదిలించలేదు."

పెద్దమ్మ గడియారం వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది. అన్నేళ్ళ కాపురంలో ఆమె దగ్గర ఆయన దాచుకున్నది బహుశా ఆ పది నిమిషాలే. ఆఖరికి నెమ్మదిగా అంది: "దేవుడు నాకు వేళ తప్పకుండా పొయ్యేది నేర్పించినాడని చర్చిలో సాక్ష్యం గూడా సెప్పినానే." ఆయన తల వంచుకుని ఆ సాక్ష్యం వినలేక బయటికి పోయి నిలబడ్డానని ఒప్పుకున్నాడు. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది, నవ్వు చూసి పెద్దమ్మకి కోపమొచ్చింది, కోపంలోనే పోయి నాకు సంగటి పెట్టింది. నేను బయల్దేరేటప్పుడు పెద్దనాన్న బస్టాండు దాకా నడిచి వచ్చాడు. దారంతా ఏదో అడగాలని నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాడు. బస్సెక్కబోతుంటే అడిగాడు, నేను గమ్మునుండి ఉంటే నీకు మేలయ్యేదా పాపా అని. లేదు పెద్దనాన్నా, నువ్వు చెప్పకపోతే నాకు ఏదీ మిగిలేది కాదు అన్నాను. అది నేను ఆయన్ని ఓదార్చడానికే అన్నాను. నిజమేనని తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

సారుకి చెప్పాలి. ఫోనులో చెబుదామనుకుని మానేశాను, ఇంటికి వెళ్ళి చెబుదామనుకుని వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆఖరికి బెంగళూరు వెళ్ళే రోజు పొద్దున, కుప్పం స్టేషనులో రైలు కదిలాక చెప్పాను. (దిగి వెళ్ళిపోయే వీలుంటే ఇద్దరిలో ఒకరు దిగిపోతారని నా భయం.) కొత్త చొక్కా లేత నీలం. దాని మీద మడత గీతలు ఇంకా పోలేదు. నేను రెండో నక్షత్రం, పదిహేను, అయిదు, పది, చర్చి, చీర, అన్నీ కలగాపులగంగా చెప్పేసి చూపు దించుకున్నాను. ఆయన కోప్పడలేదు. ల్యాప్‌టాప్ తీయమన్నారు. నీలం గీతను పది నిమిషాలు వెనక్కి జరపమన్నారు. జరిపాను. ఎరుపు, నీలం రెండూ కలిసి లేచాయి, మొదటి నక్షత్రానికీ, రెండోదానికీ. నీలం ఎత్తుగా, ఎరుపు పొట్టిగా, రెండింటి అడుగూ ఒకేచోట. రైలు బంగారపేట దాటేదాకా ఆయన ఆ గీతలనే చూస్తూ కూర్చున్నారు.

"మెల్లగా సూడండి, మెల్లగా సూడండి అని ఊరందరికీ సెప్పేవాణ్ణి," అన్నారు చివరికి. "నేనే ఉరికినా గదమ్మా." కాసేపాగి, "రంగు లెక్క మళ్ళా చెయ్యి," అన్నారు.

అటూ ఇటూ ఊగే రైల్లో, పక్కన ఎవరిదో పూలబుట్ట మోచేతికి తగులుతుంటే లెక్క చేశాను. మంట శిఖరాన తెల్లగా కాగిపోయే వేడి. తర్వాత నెమ్మదిగా చల్లారుతూ పసుపులోకి దిగింది. రెండు నక్షత్రాల్లోనూ అంతే. ఇంతకు ముందు ఇలాంటి నక్షత్రాలను కొలిచిన వాళ్ళందరికీ వచ్చింది కూడా అదే. అందులో 'మొదటిసారిగా' అనడానికి ఏమీ లేదు. కాని నాలుగు రోజుల క్రితం నా రంగులు ఏ మంటకీ చెందనివి. ఇవి ఒక మంట రంగులు. పెద్దనాన్న ఆ పది నిమిషాలు ఒప్పుకోబట్టి ఇవి దక్కాయి. స్టేషనులో దిగే ముందు సారు మొదటి పేజీలో ఉపన్యాసం పేరు కొట్టేయించి, మామూలు పేరు ఒకటి రాయించారు. నాకు ఆయన ముఖం చూసే ధైర్యం అప్పుడు కలిగింది.

కమిటీ గది చల్లగా ఉంది, నా చేతులు ఇంకా చల్లగా ఉన్నాయి. కొత్త సంగతి వినడానికి వచ్చి కూర్చున్నవాళ్ళకి, మేము పంపిన మాట నిజం కాదని, అది మా ఇంటి గడియారం తప్పని మొదటి వాక్యంలోనే చెప్పాను. ఎలా తెలిసిందో చెప్పాను. భార్యాభర్తల సంగతి దాటేద్దామనుకున్నాను గాని, అది లేకుండా పది ఎక్కడిదో చెప్పడం కుదరలేదు. గది గదంతా నవ్వింది. సారు కూడా నవ్వారు, చెమట తుడుచుకుంటూ. నవ్వు ఆగాక, మొదటి నుంచీ తల ఎత్తకుండా వింటున్న ఒక పెద్దావిడ అడిగారు, ఆ రెండో నక్షత్రం దొరక్కపోయి ఉంటే ఏం చేసేదానివి అని. భయపడేవాళ్ళకి అబద్ధం అల్లేంత తీరిక ఉండదు. ఈపాటికి మీకు ధూళి గురించి చెబుతూ ఉండేదాన్ని మేడమ్ అన్నాను. ఆవిడ నవ్వలేదు. అయితే రెండోదాని కోసం ఎందుకు వెతికావు అని అడిగారు. మొదటిదాని మీద భయమేసి అన్నాను. ఆవిడ తల ఊపి, ఆ భయం పోగొట్టుకోకు అన్నారు. నన్ను అంతవరకూ అందరూ వదిలించుకోమన్నదాన్ని ఉంచుకోమన్న మనిషి ఆవిడ ఒక్కరే. సీటు వచ్చింది, ఇంకో చలికాలం పని కూడా దొరికింది. మదనపల్లె కంప్యూటరుకి టైము గోడ మీద నుంచి కాక ఉపగ్రహం నుంచి తీసుకోవాలని మాత్రం షరతు పెట్టారు.

బెంగళూరు కన్నా నాకు ఆ ఆదివారం చర్చి అంటే ఎక్కువ భయం. పెద్దమ్మ మాట పోతుందని, ఆమె తల దించుకోవాల్సి వస్తుందని. వద్దు పెద్దమ్మా, అందరూ మరిచిపోయుంటారు అని బతిమాలాను. వినలేదు. సాక్ష్యాల వేళకి లేచి నిలబడింది. "మొన్నొక ఆదివారం మా పాప ఎవరూ సూడనిది సూసిందని సెప్పినా. అది నిజం కాదు. తప్పు మా ఇంటి గడియారంలో ఉండాది. మా పాప సూసింది, ముందు అందరూ సూసిందే. ఆ తప్పు కనిపెట్టింది గూడా మా పాపే. స్తోత్రం," అని కూర్చుంది. పక్కన పెద్దనాన్న పాటల పుస్తకంలో ముఖం పెట్టుకున్నాడు. ప్రార్థన అయి బయటికి వచ్చాక ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఒక్కొక్కరే ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి, మా ఇంట్లో కూడా అట్లాంటి గడియారం ఉండాదన్నా, నువ్వు ఎవరికీ చెప్పొద్దు అని చెవిలో వేసి పోయారు.

ఇప్పుడు నేను పనిచేసే చోట రెండు రంగులనూ ఒకే పరికరం ఒకే క్షణంలో పడుతుంది. టైము ఎవరూ చేత్తో పెట్టనక్కర్లేదు. భయం మాత్రం అలాగే ఉంది. కాకపోతే దానికిప్పుడు నెలనెలా జీతం ఇస్తున్నారు. కొత్తగా చేరిన పిల్లలు ఏదైనా వింత గీత పట్టుకుని రొప్పుతూ వస్తే, ముందు ఇంకో నక్షత్రంలో చూడండి అని పంపేస్తాను. వాళ్ళు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్తుంటే వెనక నుంచి చూసి నాకు పాపం అనిపిస్తుంది. వాళ్ళలో నాకు ఆ బెదురుగొడ్డు కనిపిస్తుంది, కుప్పం వీధుల్లో నడుస్తూ, ఎదురొచ్చిన వాళ్ళందరినీ జాలిగా చూస్తూ. ఆ కొద్ది రోజులూ ఆకాశంలో ఒక సంగతి భూమ్మీద ఆ పిల్లకి, ఆమె సారుకి తప్ప ఎవరికీ తెలియదు. అది నిజం కాదన్నది వేరే విషయం. అన్నం సహించక, నిద్ర పట్టక, అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.